ఒంటి పలక గోడలు

గోడ మందం ఒక్క పలక. ఎండా వానా తగిలే బయటి ముఖం, మంచం ఆనుకునే లోపలి ముఖం, రెండూ ఆ ఒక్క చెక్కవే. మధ్యలో ఇటుక లేదు, మట్టి లేదు, సున్నం లేదు. పలకల్ని మేకులతో బిగించడానికి చెక్క ఇళ్లలో మామూలుగా వరసగా నాటే నిలువు కొయ్యలు కూడా లేవు. అమెరికా తూర్పు తీరాన, మసాచుసెట్స్ రాష్ట్రపు దక్షిణ తీరానికి అవతల సముద్రంలో ఉన్న మార్తాస్ విన్‌యార్డ్ దీవిలో, ఓక్ బ్లఫ్స్ అనే ఊరి నడుమ ఇలాంటి గోడల ఇళ్లు 300కు పైగా ఉన్నాయి. చాలా మటుకు 1860, 1870 దశకాల్లో కట్టినవి. కట్టినవాళ్లు తరతరాల ఆస్తి అనుకుని కట్టలేదు. వేసవిలో కొన్ని వారాలు తలదాచుకుంటే చాలనుకున్నారు. ఆ తరవాత ఉప్పుగాలి, మంచు, 1938 నాటి పెను తుపాను అన్నీ వచ్చి వెళ్లాయి. ఇళ్లు అక్కడే ఉన్నాయి.

జింజర్‌బ్రెడ్ కాటేజీలని వీటికి పేరు. ఫెర్రీ దిగి వచ్చిన జనం చూరు అంచుల వెంట కోసిన చెక్క నగిషీని, గులాబీ, పసుపు, ఆకాశనీలం రంగుల్ని ఫొటో తీసుకుని, ఐస్‌క్రీమ్ తిని వెళతారు. బోస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ల వేసవి ఫొటోల్లోనూ ఈ ఇళ్లు కనిపిస్తుంటాయి. నగిషీ బాగుండదని అనను, దాని దగ్గరికీ వస్తాను. కానీ వడ్రంగం మీద ఇష్టం ఉన్నవాళ్లు మొదట చూడవలసింది చూరు కాదు, దాని కింద ఏ అలంకారమూ లేకుండా నిలబడ్డ చదును గోడ. ఈ ఇళ్లలో ఉన్న తెలివంతా అక్కడ ఉంది.

ఆ గోడ అంత పలచన ఎందుకయిందో తెలియాలంటే, ఇళ్లకు ముందు అక్కడ ఏముండేదో చూడాలి. 1835లో, వేసవి చివర, దీవిలోని ఎడ్గర్‌టౌన్ అనే ఊరి మెథడిస్టు క్రైస్తవులు ఓక్ చెట్ల తోపులో అర ఎకరం జాగా శుభ్రం చేసుకుని ప్రార్థన కూటాలు పెట్టుకున్నారు. జాగాను ఎంచిన మనిషి జెరెమయా పీజ్. ప్రసంగీకులకు ఒక చెక్క పాక, దాని ఎదుట తొమ్మిది గుడారాలు, అంతే. అడవిలో గుడారాలు వేసుకుని రోజుల తరబడి దేవుణ్ణి తలుచుకునే ఈ ఒరవడికి 1801లో కెంటకీ రాష్ట్రంలోని కేన్ రిడ్జ్ దగ్గర వేలమంది కూడిన సభతోనే ఊపు వచ్చింది. గుంటూరు దగ్గర ఏటా జరిగే గుడారాల పండుగకు వెళ్లినవారికి ఆ వాతావరణాన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. మార్తాస్ విన్‌యార్డ్‌లో మొదట ఒక్కొక్క ఊరి సంఘానికి ఒక పెద్ద గుడారం ఉండేది. మధ్యలో గుడ్డ తెర కట్టి ఒక పక్క ఆడవాళ్లు, మరో పక్క మగవాళ్లు గడ్డి పరుచుకుని పడుకునేవారు. మెథడిస్టు మార్గానికి మూలపురుషుడు జాన్ వెస్లీ పేరు మీద ఆ తోపు వెస్లియన్ గ్రోవ్ అయింది.

ఏటా జనం పెరిగారు. సముద్రపు గాలి రుచి మరిగినవాళ్లు కూటం మొదలు కాకముందే రావడం, ముగిసినా వెళ్లకపోవడం మొదలైంది. సంఘం గుడారంలో ఇరుక్కోవడం ఇష్టంలేని కుటుంబాలు సొంత గుడారాలు వేసుకున్నాయి. తడి నేల మీద పడుకోలేక గుడారం కింద చెక్క నేల వేశారు. తరవాత పక్కలకు చెక్క వచ్చింది, పైన మాత్రం గుడ్డ. 1850ల చివరికి పైకప్పూ చెక్కే అయింది. ఏ ఒక్క రోజునో గుడారాలు పీకేసి ఇళ్లు కట్టలేదు. గుడారమే, గుడ్డ మార్చి చెక్క తొడుక్కుంటూ, ఇల్లయింది. అందుకే ఈ కాటేజీలకు నేల మీద గుడారం కొలతే మిగిలింది. వెడల్పు పదకొండు నుంచి పదహారు అడుగులు. ఇంటికీ ఇంటికీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, కొన్నిచోట్ల అంతకన్నా కాస్త ఎక్కువ. వాకిలి లేదు, ప్రహరీ లేదు, పెరడు లేదు. మధ్యలో ప్రార్థన స్థలం, దాన్ని చుట్టి ఒక వలయం, వలయంలోంచి బయటికి సాగే సన్నటి దారులు, వాటి కొసల్లో మళ్లీ చిన్న వలయాలు. గుడారాలు వేసిన క్రమమే వీధుల పటం. ఇప్పటికీ అక్కడ కారు తిప్పడం నరకం.

ఇప్పుడు ఒక కాటేజీని కింది నుంచి చూద్దాం. నేల మీద తక్కువ ఎత్తున ఆనికలు, వాటి మీద చుట్టూ అడుగు దూలాలు. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు. స్తంభాల తలల్ని కలుపుతూ పై దూలాలు. ఆ చట్రానికి బయటి వైపున పలకల్ని నిలువుగా, అడుగు దూలం నుంచి పై దూలం దాకా ఒకే పొడవున దించి కొట్టారు. మేడ నేల ఉన్న ఎత్తున మరోసారి మేకు పడుతుంది. పని అయిపోయినట్టే. మామూలు అమెరికన్ చెక్క ఇంట్లో నిలువు కొయ్యలు బరువు మోస్తాయి, బయటి పలకలు వాన ఆపుతాయి, లోపలి పూత గదికి అందం ఇస్తుంది. మూడు పనులకు మూడు పొరలు. ఇక్కడ మూడు పనులూ ఒకే పలకవి. ఆ పలక వంగితే ఇల్లు వంగుతుంది, పగిలితే గదిలోకి వాన వస్తుంది, సరిగా చిత్రిక పట్టకపోతే పడుకున్నవాళ్ల భుజానికి పేడు గుచ్చుకుంటుంది. తప్పు దాచుకునే చోటు లేని పని ఇది.

ఒక పలక అంచున గాడి ఉంటుంది, పక్క పలక అంచున నాలుక. నాలుక గాడిలో కూర్చుంటుంది. చెక్క పొడవు వైపు దాదాపు కదలదు, అడ్డంగా కదులుతుంది. తేమకు ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. సముద్రం మధ్య దీవిలో ఈ ఉబ్బడం ముడవడం ఏడాది పొడుగునా నడుస్తూనే ఉంటుంది. నాలుకను గాడిలో అడుగంటా దిగగొట్టి బిగిస్తే వాన కాలంలో పలకలు ఒకదాన్నొకటి తోసుకుని గోడ పొట్ట పెడుతుంది. మరీ వదులుగా పెడితే చలికాలంలో సందులోంచి వెలుతురు కనిపిస్తుంది. నాలుక గాడిలో అటూ ఇటూ జరగడానికి వీలుండాలి, కానీ ఎంత ముడుచుకున్నా గాడి దాటి బయటికి రాకూడదు. వడ్రంగి చెయ్యి అక్కడ తెలుస్తుంది. పలకలు నిలువుగా ఉండడంతో వాన నీరు అతుకు వెంటే జారి కిందికి పోతుంది, అతుకుకు అడ్డం పడి నిలవదు. పక్క పక్క పలకలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉండడంతో ఒకదాని మీద పడ్డ తోపు ఇరుగుపొరుగుకు పంచుకుంటుంది. ఇల్లు చిన్నది, గోడలు పొట్టివి, గాలి పట్టే వైశాల్యం తక్కువ. అన్నీ కలిసొచ్చాయి.

పలకల వెడల్పు ఒకటిగా ఉండదు. ఒకటి వెడల్పు, పక్కది సన్నం, దాని పక్కది ఇంకోరకం. దుంగలోంచి వచ్చిన వెడల్పు వచ్చినట్టు వాడుకుంటే చెక్క వృథా పోదు, అది లెక్క. అయితే ఆ లెక్కకు దొరికిన అందం అనుకోనిది. గీతలన్నీ సమదూరంలో ఉంటే గోడ గీతల కాగితంలా కనిపించేది. ఇక్కడ కన్ను ఎక్కడా లెక్కపెట్టడం మొదలుపెట్టదు.

గాడి, నాలుక చేత్తో తీయవచ్చు, దానికి తగిన చిత్రికలు వేరే ఉన్నాయి. కానీ ఒక ఇంటికి పట్టేన్ని పలకలకు చేత్తో తీస్తే కూలి ఇంటి ఖరీదు దాటిపోతుంది. విలియం వుడ్‌వర్త్ అనే న్యూయార్క్ మనిషి 1828లో ఒక యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. పలకను ఒక పక్క నుంచి తోస్తే చదును చేసి, ఒక అంచున గాడి, మరో అంచున నాలుక తీసి రెండో పక్కకు పంపేది. ఆ పేటెంట్‌ను రెండుసార్లు పొడిగించుకున్నారు. దాని హక్కుదార్లు దేశమంతా కోర్టు కేసులు వేసి పలకల మీద సుంకం లాంటిది వసూలు చేశారు. 1856లో గడువు తీరింది. ఎవరైనా ఆ యంత్రం పెట్టుకోవచ్చు, గాడి పలకల ధర దిగింది. సరిగ్గా ఆ వెనువెంటనే ఈ తోపులో గుడారాలు చెక్క ఇళ్లుగా మారడం కాకతాళీయం అని నేను అనుకోను. భక్తి, సముద్రపు గాలి ఎన్ని ఉన్నా, బడి పంతులూ చిల్లర వర్తకుడూ కొనగల ధరకు పలక రాకపోతే వెస్లియన్ గ్రోవ్ గుడారాలుగానే ఉండిపోయేది.

ఇక ఎదురు గోడ. ఒక కాటేజీలో డబ్బు, నేర్పు ఎక్కువ ఖర్చయిన చోటు అదే. పక్క గోడలు వట్టి చదును, ఒకటో రెండో కిటికీలు, ఎవరూ చూడని సందులో ఎందుకు ఖర్చు పెడతారు. ముందు వైపు మాత్రం నడిమధ్యన రెండు రెక్కల తలుపు, దానికి అటూ ఇటూ రెండు సన్నటి కిటికీలు, పైన మేడ మీద మళ్లీ రెండు రెక్కల తలుపు, దాని ముందు చిన్న బాల్కనీ, ఆపైన ఏటవాలు కప్పు కలిసే కోణం. పదకొండు అడుగుల వెడల్పు ఇంటికి అంత పెద్ద తలుపు ఎందుకు? గుడారం ముందు గుడ్డను రెండు పక్కలకూ ఎత్తి కట్టే అలవాటు వీళ్లది. పగలంతా లోపలి మంచం, కుర్చీ, దీపం, చదువుకుంటున్న ముసలమ్మ దారిన పోయేవాళ్లకు కనిపించేవి. దాపరికం లేని బతుకే భక్తుల బతుకని వాళ్ల నమ్మకం. చెక్క ఇంట్లోకి మారినా తలుపు తెరుచుకునే తీరు మారలేదు. రెండు రెక్కలూ బార్లా తెరిస్తే ముందు గది దాదాపు వీధిలో ఉన్నట్టే. వరండాలు చాలా ఇళ్లకు తరవాత తగిలించినవి. నీడకు మంచివేగానీ, ఆ తలుపు గొప్పతనాన్ని అవి మింగేశాయి. వరండా లేని ముఖం ఎక్కడైనా కనిపిస్తే దాని ముందు కాసేపు నిలబడండి.

తలుపు పైభాగం కొన్నింటికి గుండ్రటి కమాను, కొన్నింటికి చర్చి కిటికీలా మొనదేలిన కమాను. మొనదేలిన కమాను తలుపు చేయడం తేలిక కాదు. మూసినప్పుడు రెండు రెక్కలూ మొన దగ్గర కలవాలి, అంటే రెక్క బయటి అంచు పొట్టి, మధ్య అంచు పొడుగు. మడతబందులు వంపు మీద పట్టవు, కింది నిటారు భాగంలోనే బిగించాలి. కాబట్టి రెక్క పైభాగం ఏ బందు ఆసరా లేకుండా నిలవాలి, నిలిచి ఏళ్ల తరబడి వాలకుండా ఉండాలి. ఒక నూలు వాలినా మొన దగ్గర రెండు రెక్కలూ ఎడమొహం పెడమొహం అవుతాయి. కమాను వంపు తిప్పే చట్రానికి చెక్కను వంచరు. వెడల్పాటి పలకల్లోంచి వంపు ముక్కలు కోసి, కొసకు కొస అతికి తిప్పుతారు. ఇప్పటికీ మొన దగ్గర సన్నటి గీత తప్ప సందు కనిపించని తలుపులు అక్కడ ఉన్నాయి. మేడ మీది తలుపు సంగతి వేరు. లోపలి మెట్లు నిచ్చెన అంత నిటారు, మంచం వాటి మీదుగా ఎక్కదు. సామానంతా బాల్కనీ తలుపులోంచి పైకి లాగేవారని అక్కడివాళ్లు చెబుతారు.

చూరు నగిషీకి వద్దాం. ఏటవాలు కప్పు అంచుకు, ఇంటి ముఖం పైన రెండు వైపులా దిగుతూ, ఒక పలక బిగిస్తారు. దాన్ని సన్నటి రంపపు బ్లేడుతో కోసి పూలు, ఆకులు, చుక్కలు, గంటలు తీస్తారు. నరసాపురం లేసు అంచు చెక్కలో దిగినట్టు ఉంటుంది. తొక్కుడు రంపం, ఆవిరితో నడిచే రంపం రెండూ అప్పటికి వచ్చాయి. లోపలి ఖాళీలు కోయాలంటే ముందు బరమాతో బెజ్జం వేసి, రంపపు బ్లేడు ఒక కొస ఊడదీసి, బెజ్జంలోంచి దూర్చి, మళ్లీ బిగించి కోయాలి. ఒక్కొక్క ఖాళీకీ ఇంతే. బ్లేడు మరీ చిన్న వంపు తిరగదు, మలుపు దగ్గర బిగుసుకుని తెగుతుంది. అందుకే జాగ్రత్తగా చూస్తే నగిషీలో లోపలి మూలల్లో ఒక గుండ్రటి చుక్క కనిపిస్తుంది. అది పువ్వు కోసం పెట్టింది కాదు, బ్లేడు తిరగడానికి వేసిన బెజ్జం. దాన్నే పువ్వులో భాగం చేసిన వడ్రంగికి దణ్ణం పెట్టాలి.

కష్టమంతా చెక్క ఈనె దగ్గర. చెక్కలో పీచు ఒక వైపే నడుస్తుంది. పీచు వెంబడి తీసిన సన్నటి కొమ్మ గట్టిగా ఉంటుంది, పీచుకు అడ్డంగా తీసిన కొమ్మ వేలితో నొక్కినా విరుగుతుంది. కాగితం మీద గీసిన తీగ ఎటైనా తిరగవచ్చు, చెక్కలో అలా కాదు. మంచి నగిషీలో పీచు అడ్డంగా తెగే చోట్ల ఆకారం లావుగా ఉంటుంది, వెంబడి సాగే చోట సన్నబడుతుంది. కిందికి వేలాడే మొనలు బొద్దుగా, పొట్టిగా ఉంటాయి. నిలబడ్డ నగిషీ అంతా ఈ లెక్క తెలిసినవాళ్లు కోసింది. తెలియనివాళ్లు కోసింది ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. అమెరికాలో పల్లెటూరి ఇళ్ల నిర్మాణానికి పెద్ద గురువు ఆండ్రూ జాక్సన్ డౌనింగ్. 1850లో వచ్చిన తన గ్రంథంలోనే పలచటి పలకల్లోంచి కోసిన చూరు నగిషీని చవకబారుదని కొట్టిపారేశాడు. రెండేళ్లకు చనిపోయాడు, ఈ ఇళ్లను చూడలేదు. చూసుంటే తిట్టేవాడే. సగం తిట్టు న్యాయమే అనిపిస్తుంది. కొన్ని ఇళ్ల మీద నగిషీ మరీ ఎక్కువ, కింది గోడ గంభీరత దాని సందట్లో వినిపించదు. హృదయాకారాలు కోసిన గులాబీ రంగు ఇల్లు ఒకటి పోస్టుకార్డుల మీద తెగ తిరిగింది. నాకది మిఠాయి డబ్బాలా అనిపిస్తుంది. దాని కన్నా, చూరుకు ఒకే ఒక అల కోసి ఊరుకున్న ఇల్లు ఎదురైతే మనసు కుదుటపడుతుంది.

పాత నగిషీ పాడయ్యేది ఎక్కువగా మొనల దగ్గర. పీచు తెగిన కొస నీటిని పీలుస్తుంది, రంగు అక్కడే ముందు ఊడుతుంది, కుళ్లు అక్కడే మొదలవుతుంది. బాగు చేయడం మాత్రం తేలిక. ఒకే ఆకారం చూరంతా మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి, బాగున్న ముక్క మీద కాగితం పెట్టి గీసుకుని, కొత్త పలకలో కోసి బిగిస్తే సరి. 1870ల వడ్రంగి అచ్చు పోయినా ఆకారం పోదు.

లోపలికి వెళితే పలక వెనక ముఖం. వలయం మీద 1867లో కట్టిన ఒక కాటేజీని మ్యూజియంగా ఉంచారు, అక్కడ ఎవరైనా చూడవచ్చు. కింద ముందు గది, వెనక గది, పైన పడక. గోడలో బోలు లేదు కాబట్టి తరవాతి కాలంలో వచ్చిన కరెంటు తీగలూ గొట్టాలూ ఇలాంటి ఇళ్లలో దాక్కోలేవు, పైపైన పాకుతాయి. మాట కూడా దాగదు. పక్కింటి దగ్గు, ఎదురింటి పాట, వాన చప్పుడు అన్నీ లోపలికి వస్తాయి. అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ 1874లో ఈ దీవికి వచ్చినప్పుడు క్లింటన్ అవెన్యూలో బిషప్ గిల్బర్ట్ హేవెన్ కాటేజీలో దిగాడు. అంతర్యుద్ధంలో గుడారాల కింద ఏళ్లు గడిపిన సేనాపతికి ఈ గోడలు కొత్తగా ఏమీ అనిపించి ఉండవు.

ప్రార్థన స్థలం కథ ఇళ్ల కథకు ఎదురు నడిచింది. అక్కడ ఓడల తెరచాప గుడ్డతో కుట్టిన మహా గుడారం ఉండేది. దాని స్థానంలో శాశ్వత మందిరం కట్టాలని చెక్కకు అంచనాలు వేయిస్తే తడిసి మోపెడైంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌కు చెందిన జాన్ హోయిట్ ఇనుముతో చేస్తే చవక అన్నాడు. 1879లో సన్నటి ఇనుప స్తంభాలు, కమ్మీలతో, నాలుగు పక్కలా గోడలు లేకుండా, పై వరసలో రంగు అద్దాల కిటికీలతో టాబర్నకిల్ లేచింది. ఇళ్లకు చెక్క చవక, గుడికి ఇనుము చవక, ఎవరి లెక్క వాళ్లది. గోడలు లేని ఆ మందిరంలో నిలబడి చుట్టూ చూస్తే వలయంగా చెక్క ముఖాలన్నీ ఒకేసారి కనిపిస్తాయి. 1869లో మొదలైన దీపాల రాత్రి ఇప్పటికీ ప్రతి ఆగస్టులో జరుగుతుంది. కరెంటు దీపాలు ఆర్పి, మందిరంలో ఒక కాగితపు లాంతరు వెలిగించాక, ఇళ్ల చూర్లకు వేలాడదీసిన లాంతర్లన్నీ వెలిగిస్తారు. చూడవలసిందే, కాకపోతే ఆ రాత్రి జనంలో నగిషీ చూడడం కుదరదు.

1866లో తోపు పక్కనే ఒక కంపెనీ భూములు కొని, రాబర్ట్ మోరిస్ కోప్‌లాండ్ చేత పటం గీయించి, భక్తి పెద్దగా అక్కర్లేని వేసవి విడిదిని మొదలుపెట్టింది. హోటళ్లు, నృత్యశాలలు, ఓడ రేవు. మెథడిస్టులు భయపడి ఏడడుగుల కంచె కట్టుకున్నారు. కంచెకు అవతల, ఓషన్ పార్కు చుట్టూ డబ్బున్నవాళ్లు కట్టిన ఇళ్లు పెద్దవి. బురుజులు, వరండాలు, రకరకాల చెక్క పెంకులు. డాక్టర్ హారిసన్ టకర్ 1872లో కట్టించిన ఇల్లు వాటిలో పేరున్నది. పనితనం తక్కువని అనలేను, కానీ ఆ ఇళ్లలో ప్రతి ముక్కా తన ధర చెప్పుకుంటుంది. పార్కు అంచున కార్బిన్-నార్టన్ ఇల్లు 2001లో కాలిపోతే యజమాని పీటర్ నార్టన్ దాన్ని తిరిగి కట్టించాడు. మన కంప్యూటర్లలో వైరస్‌లు పట్టే ప్రోగ్రామ్ డబ్బా మీద చేతులు కట్టుకుని నిలబడిన నార్టన్ ఈయనే. డబ్బూ ఓపికా ఉంటే పోయిన ఇంటిని మళ్లీ నిలబెట్టవచ్చని తేలింది. తోపులోని చిన్న ఇళ్లకు ఆ స్తోమత ఉన్న యజమానులు అరుదు. ఊరు 1880లో ఎడ్గర్‌టౌన్ నుంచి విడిపోయి కాటేజ్ సిటీ అయింది, 1907లో ఓక్ బ్లఫ్స్ అయింది. తోపుకు బయట హైలాండ్స్ వైపు 1912లో షియరర్ కుటుంబం నల్లజాతివారి కోసం అతిథి గృహం తెరిచింది. చార్లెస్ షియరర్ బానిసగా పుట్టినవాడు. ఇతర చోట్ల గది దొరకని నల్లజాతి గాయకులకూ వకీళ్లకూ అది వేసవి ఇల్లయింది. దాని కథ దానికే ఒక వ్యాసం.

ఇన్ని చెక్క ఇళ్లు, ఇంత ఇరుకుగా, ఎలా మిగిలాయి? 1892లో ఊళ్లోని సీ వ్యూ హోటల్ కాలిపోయింది. అలాంటి మంట ఒక్కటి తోపులోకి వచ్చి ఉంటే పలక మిగిలేది కాదు. అదృష్టం కొంత. ఒకప్పుడు 500 దాకా ఉన్న కాటేజీల్లో కొన్ని కూలాయి, కొన్ని ఏకంగా జాగా మారాయి. అంత తేలికైన ఇంటిని పునాది మీంచి ఎత్తి తరలించడం ఆ రోజుల్లో వింత కాదు. మిగిలినవి మిగలడానికి అసలు కారణం నా ఉద్దేశంలో దస్తావేజుల్లో ఉంది. ఈ 34 ఎకరాల నేల మొత్తం ప్రార్థన కూటాలు నడిపే క్యాంప్ మీటింగ్ అసోసియేషన్‌ది. ఇంటివాళ్లకు ఇల్లు మాత్రమే సొంతం, కింది నేలకు ఏటా అద్దె కడతారు. నాలుగు కాటేజీలు కొని, కూల్చి, ఒక హోటల్ కట్టే పని ఇక్కడ కుదరదు. బయటి రూపం మార్చాలంటే అసోసియేషన్ ఒప్పుకోవాలి. గుడారానికి జాగా కేటాయించే పాత పద్ధతి కాగితాల మీద అలాగే కొనసాగి, ఇళ్లను కాపాడింది. 2005లో ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది, కానీ అప్పటికే కాపాడవలసిన పని చాలావరకు అయిపోయింది.

ఇప్పుడు ఈ గోడలకు ఎదురవుతున్న పరీక్ష చలి. చాలా కాటేజీలు వేసవి ఇళ్లు. చలి ముదరకముందే గొట్టాల్లో నీళ్లు వదిలేసి తాళం వేస్తారు, వసంతంలో మళ్లీ తెరుస్తారు. కొందరు ఏడాది పొడుగునా ఉండాలనుకుంటారు. దానికి గోడకు మందం కావాలి. బయటి ముఖం మార్చడానికి వీల్లేదు కాబట్టి లోపలి వైపున కొయ్యలు నిలబెట్టి, మధ్యలో దూది లాంటి పదార్థం కూరి, జిప్సం పలకతో మూస్తారు. ఇల్లు వెచ్చబడుతుంది, గది కొంచెం ఇరుకవుతుంది, పలక లోపలి ముఖం చీకట్లోకి పోతుంది. వాళ్లను తప్పుపట్టలేను, జనవరిలో ఆ దీవిలో గడపాల్సింది వాళ్లు. కానీ చెక్క పని తెలిసినవాళ్లకు ఒక భయం ఉంటుంది. రెండు వైపులా గాలి తగిలి ఆరే పలక ఇన్నాళ్లు బతికింది. ఒక వైపు మూసేస్తే లోపలి గది తేమ దాని వెనక చేరి, ఆరే దారి లేక నిలిచిపోతుంది. అందుకని ఈ పనికి ఒప్పుకునే మంచి వడ్రంగులు పాత పలకకూ కొత్త పొరకూ మధ్య గాలి ఆడే సందు వదులుతారు. కిందా పైనా గాలి వచ్చి పోయే బెజ్జాలు పెడతారు. కొత్త కొయ్యల్ని పాత పలకకు మేకు కొట్టకుండా, నేలకూ పై దూలానికీ మాత్రమే బిగిస్తారు. తరవాత ఎవరికైనా ఆ పొర వద్దనిపిస్తే, స్క్రూలు విప్పి తీసేయవచ్చు.